తేనె లేబుల్ మీద "ట్రైబల్ లుక్" కావాలంటున్నారు: వార్లీ, గోండు, చేర్యాల కలిపి వేయొచ్చా?

కాజీపేట_లేఅవుట్:

అందరికీ నమస్తే. ములుగు జిల్లా తాడ్వాయి వైపు కోయ మహిళల సంఘం ఒకటి అడవి తేనె, ఇప్పపువ్వు లడ్డూలు అమ్ముతున్నది. వాళ్లకు సీసా లేబులు, లడ్డూ పౌచు, స్టాలు వెనక కట్టే బ్యానరు డిజైన్ చేయాలి. పని ఇచ్చిన సంస్థవాళ్లు "ట్రైబల్ లుక్ రావాలె" అన్న ఒక్క మాట మీదే ఉన్నారు. రిఫరెన్సుగా మూడు బొమ్మలు పంపారు. స్టాక్ సైటులో దొరికే వార్లీ మనుషుల బోర్డరు ఒకటి, చుక్కలూ గీతలతో నింపిన గోండు జింక ఒకటి, ఎర్ర నేల మీద చేర్యాల బొమ్మలు ఒకటి. మూడూ కలిపి ఒకే లేబులు చేయమంటున్నారు.

వార్లీ వెక్టరుకు (కంప్యూటరులో గీతలుగా గీసిన బొమ్మకు) లైసెన్సు కొనే ఉంది కాబట్టి చట్టం అడ్డు రాదు. కానీ కోయవాళ్ల తేనె మీద వార్లీ బొమ్మ పెట్టడం సరైంది అనిపించడం లేదు. అడగాలనుకున్నవి ఇవి: ఈ మూడు శైలుల్లో ఏదైనా ఈ పనికి నప్పుతుందా? చేర్యాల కళాకారులతో వేయిస్తే పని ఏ పద్ధతిలో ఇవ్వాలి, కాగితం మీద ఏం రాసుకోవాలి? ఆ ఎరుపు ప్రింటులో ఇటుకరంగుకు తిరగకుండా ఏం చేయాలి? తోట వైకుంఠం గారి బొమ్మల్లాంటి తెలంగాణ ఆడమనిషిని వేద్దామన్న మాట కూడా వచ్చింది. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఉట్నూరు_గీతలు:

ముందు ఆ మూడు బొమ్మలు ఎవరివో విడదీసి చూడాలి. అక్కడే సగం జవాబు దొరుకుతుంది.

వార్లీ మహారాష్ట్రలో పాల్ఘర్, ఠాణే వైపు ఉండే వార్లీ ఆదివాసులది. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో పెళ్లికి ముత్తైదువలు వేసే చౌకు (చదరపు పెళ్లి బొమ్మ) దానికి మూలం. జివ్యా సోమా మశే దాన్ని గోడ మీది నుంచి కాగితం మీదికి, గుడ్డ మీదికి తెచ్చారు. 2011లో పద్మశ్రీ వచ్చింది, 2018లో పోయారు. మన దగ్గర ఆఫీసుల ప్రహరీల మీద, బడి గోడల మీద, హోటళ్లలో "గిరిజన కళ" పేరుతో కనిపించేది చాలావరకు దీని నకలే. ములుగు అడవులకు దానితో ఏ సంబంధమూ లేదు.

చుక్కలూ గీతల జింక విషయంలో ఆదిలాబాద్ వాళ్లు కూడా పొరబడతారు. మనకూ గోండులు ఉన్నారు కాబట్టి ఆ బొమ్మలూ మనవే అనుకుంటారు. అది మధ్యప్రదేశ్ దిండోరి జిల్లా పాటన్‌గఢ్ ఊరి ప్రధాన్ గోండుల నుంచి వచ్చింది. 1980ల తొలినాళ్లలో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ గీతను చిత్రకారుడు జె. స్వామినాథన్ గుర్తించి భోపాల్ భారత్ భవన్‌కు తీసుకుపోయాడు. అంటే గట్టిగా లెక్కేస్తే నలభై ఏళ్ల పైచిలుకు వయసున్న ఆధునిక చిత్రకళ అది. పైగా, బొమ్మ లోపల నింపే ఆ చుక్కలు, కొడవలి గీతలు, చేప పొలుసులు ఒక్కో చిత్రకారుడివి ఒక్కో రకం. భజ్జూ శ్యామ్ నింపే తీరు వేరు, వెంకట్ శ్యామ్ నింపే తీరు వేరు. ఆ నింపుడే వాళ్ల సంతకం. దాన్ని ఎత్తి వేరే జింకలో పోస్తే ఎవరిదో సంతకం పెట్టినట్టే.

మన రాజ్‌గోండుల దగ్గర కంటికి కనబడే కళ వేరే చోట ఉంది. దండారి పండుగలో ఆడే గుస్సాడీల నెమలి ఈకల టోపీలో ఉంది, మైనపు అచ్చుతో ఓజాలు పోసే ఇత్తడి బొమ్మల్లో ఉంది, తోటి తెగ స్త్రీలు పొడిచే పచ్చబొట్లలో ఉంది. కోయవాళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. వాళ్ల దగ్గర బొమ్మలున్న గుడ్డలు పడిగెలు. ఒక్కో గోత్రానికి, ఇలవేల్పుకు ఒక్కో పడిగె ఉంటుంది. వేల్పు పండుగకు తీస్తారు, డోలీలు (వాళ్ల కథకులు) దాని ముందు నిలబడి వంశకథ చెప్తారు. డిజైనరు కంటికి అది బ్రహ్మాండమైన గ్రాఫిక్: మూడు కోణాల గుడ్డ, గట్టి రంగులు, కొట్టొచ్చినట్టుండే ఆకారాలు. అయినా అది పూజలో ఉండే వస్తువు. తేనె మూత మీదికి దాన్ని తేకూడదు. నాయకపోడు తెగవాళ్ల లక్ష్మీదేవర ముఖాల (పూజ ముసుగుల) విషయం కూడా అంతే. మేడారం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. సమ్మక్క చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో వస్తుంది, గద్దె మీద విగ్రహం ఉండదు. పులి మీద కూర్చున్న తల్లి బొమ్మ క్యాలెండర్లది. "ములుగు కాబట్టి సమ్మక్క బొమ్మ వేద్దాం" అని ఎవరైనా అంటే ఆ సంఘం ఆడవాళ్లనే అడగండి, వాళ్లు ఏమంటారో అదే చేయండి.

మరి లేబులు మీద ఏం వేయాలి? సంఘం వాళ్లతో కూర్చొని "మీ సరుకు చూడగానే కొనేవాళ్లకు ఏం తెలియాలి" అని అడిగితే చెట్టు, పువ్వు, తేనె తీసే తీరు, అడ్డాకు, వెదురు బుట్ట లాంటివి వాటంతటవే వస్తాయి. ఇప్పపువ్వునే తీసుకోండి. స్టాక్ బొమ్మల్లో దాన్ని పసుపుపచ్చ తామరలాగా గీస్తారు. అసలు పువ్వు లేత మీగడ రంగులో, కండ పట్టి, చిన్న బుడ్డిలాగా ఉంటుంది. ఆకు రాలిన కొమ్మల చివర గుత్తులుగా, తల కిందికి వేలాడుతుంది. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున రాలుతుంది. కొమ్మ చివర గోధుమరంగు నూగు తొడిమలు, వాటి కింద వేలాడే పది పన్నెండు బుడ్డులు. ఈ ఒక్క గుత్తిని సరిగ్గా గీసి, రెండు రంగుల్లో, లైనో అచ్చు (పలక మీద చెక్కి అద్దే అచ్చు) లాంటి గట్టి గీతతో వేస్తే అడవిలో తిరిగేవాళ్లు చూడగానే గుర్తుపడతారు. నా ఓటు దీనికే.

నకాషి_ఎరుపు:

పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. చేర్యాల వైపు నుంచి కొంచెం చెప్తాను.

చేర్యాల పటం (చుట్టి దాచే పొడవాటి బొమ్మల గుడ్డ) ఆదివాసీ కళ కాదు. అది నకాషి కుటుంబాల వృత్తి. కులపురాణాలు చెప్పే కథకుల కోసం వేసేవాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు, ఇట్లా ఒక్కో పటం వెనక చెప్పేవాళ్లు, వినేవాళ్లు ఉన్నారు. అందుకని దాన్ని "ట్రైబల్" అని అచ్చేస్తే రెండు పక్కలవాళ్లకూ అన్యాయం చేసినట్టే.

అయినా సిద్దిపేట జిల్లా చేర్యాల మనకు దగ్గరే. ఆ కళాకారులతో వేయిస్తే తప్పేమీ లేదు. సంఘం ఒప్పుకోవాలి, కింద వేసినవాళ్ల పేరు ఉండాలి. అంతే. వేయించాలనుకుంటే ఈ సంగతులు తెలిసి ఉండాలి.

గుడ్డ తయారీకే రోజులు పడతాయి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు నీళ్లు కలిపి మూడు పూతలు వేస్తారు. ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకో పూత. వానాకాలంలో ఆరడం లేటవుతుంది. తడి మీద తడి వేస్తే తర్వాత చుట్టినప్పుడు పూత పగిలి పెచ్చులు లేస్తుంది. "రేపు కావాలి, ఎల్లుండి కావాలి" అని తొందరపెడితే గుడ్డ వదిలేసి కాగితం మీద వేసి ఇస్తారు. ప్రింటుకు కాగితం మీద బొమ్మ చాలు అనుకుంటే ఆ మాట ముందే చెప్పండి, ఖర్చూ తగ్గుతుంది.

బొమ్మకు ముందు నేల ఎరుపు నింపుతారు, తర్వాత ఒంటి రంగులు, బట్టలు, నగలు, చివరికి నల్లగీత. ఒంటి రంగుకు కూడా లెక్క ఉంది: దేవుళ్లకు నీలం, అమ్మవార్లకు పసుపు, రాక్షసులకు ముదురు గోధుమ, మనుషులకు గులాబీ ఛాయ. డిజైనర్లు "ప్యాలెట్ మార్చుదాం" అని ఫోటోషాప్‌లో హ్యూ (రంగు ఛాయ) తిప్పితే ఈ లెక్క తప్పుతుంది. తేనె తీసే మనిషి నీలంగా మారితే చూసేవాళ్లు దేవుడనుకుంటారు.

డిజైను పరంగా ఈ పటంలో నేర్చుకోవాల్సింది బొమ్మల కన్నా అమరిక. దాదాపు మూడడుగుల వెడల్పు, గజాల పొడవు పటాన్ని అడ్డగళ్లుగా కోసి, మధ్యలో పూలబోర్డరు పెడతారు. ఒక గడిలో ఒక సన్నివేశం. దూరం దగ్గర అన్న పర్‌స్పెక్టివ్ ఉండదు, ముఖ్యమైన మనిషి పెద్దగా ఉంటాడు. సీసా చుట్టూ తిరిగే లేబులుకు ఇది చక్కగా సరిపోతుంది. మూడు నాలుగు గడులలో చెట్టు, తేనె తీయడం, వడకట్టడం, సంత. ఈ పని కళాకారులకే వదిలేయండి. లేబులు కొలత, గడుల సంఖ్య, అక్షరాలకు వదలాల్సిన జాగా మాత్రం గీసి ఇవ్వండి.

ఇంకొకటి. దేవుళ్ల బొమ్మలు వద్దు. పౌచు చింపి చెత్తలో వేస్తారు, కాళ్ల కింద పడుతుంది. వేసేవాళ్లకూ, కొనేవాళ్లకూ కష్టమే. లౌకిక దృశ్యాలే అడగండి.

కాజీపేట_లేఅవుట్:

అన్నా, అక్కా, ఇద్దరికీ ధన్యవాదాలు. తేనెకు చేర్యాల గడులు, లడ్డూకు ఇప్పగుత్తి అని రెండుగా అనుకుంటున్నా. ముందు సంఘం వాళ్లను అడుగుతా. ఒప్పందం సంగతి, వైకుంఠం గారి శైలి సంగతి ఎవరైనా చెప్తారా?

రాతలో_ఉంచు:

వైకుంఠం గారి మాట ముందు. ఆయన కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టారు, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. నల్లటి నిండు మొహం, పెద్ద బొట్టు, అచ్చమైన ఎరుపు ఆకుపచ్చ చీరలు, పక్కకు తిరిగిన ముక్కు. ఇదంతా ఒక మనిషి ఏళ్ల తరబడి గీసి తేల్చుకున్న గీత. మన ఫ్లెక్సీ షాపుల్లో బతుకమ్మ పండుగ వచ్చిందంటే దాన్ని "తెలంగాణ జానపద కళ" అని యథాతథంగా వాడేస్తుంటారు. అది జానపదం కాదు, బతికి ఉన్న చిత్రకారుడి రచన. శైలికి కాపీరైటు ఉండదు, నిర్దిష్టమైన బొమ్మకు ఉంటుంది. ఆయన బొమ్మ పక్కన పెట్టుకుని కాస్త మార్చి గీసినది ఆ బొమ్మను నకలు చేసినదాని కిందికే వస్తుంది. కాపు రాజయ్య గారి బొమ్మలు కూడా ఊరుమ్మడి అనుకోవద్దు. ఆయన 2012లో పోయారు, చిత్రకారుడి మరణం తర్వాత 60 ఏళ్లు హక్కు వారసులది, అంటే 2072 చివరిదాకా. కానీ ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. నకాషి పటాల నుంచి చదును రంగు, గట్టి అంచు తీసుకుని సిద్దిపేట పల్లె బతుకును తన సొంత మనుషులతో నింపారు. ఏ ఒక్క పటాన్నీ దించలేదు. లక్ష్మా గౌడ్ గారి ఎచింగులు కూడా చూడండి, నల్లగీత ఒక్కదానితో ఊరు, మేక, చెట్టు ఎట్లా నిలబడతాయో తెలుస్తుంది.

ఆదివాసీ కళ దగ్గర చట్టం సన్నగా ఉంది. పాత సంప్రదాయ రూపాలకు ఒక రచయిత ఉండడు కాబట్టి కాపీరైటు అందదు. జీఐ (భౌగోళిక గుర్తింపు) 1999 చట్టం పేరును, ఆ పేరుతో అమ్మే సరుకును కాపాడుతుంది, ఆకారాన్ని కాదు. అందుకని "చట్టం ఆపడం లేదు కదా" అన్నది ఇక్కడ అనుమతి కిందికి రాదు. అనుమతి మనుషుల దగ్గర అడగాలి. కంప్యూటర్‌లో గీసి మెషిన్‌లో అచ్చేసిన దాన్ని "చేర్యాల పెయింటింగ్" అని అమ్మితే మాత్రం జీఐ కింద చిక్కే. లేబులు మీద "చిత్రం: ఫలానా, చేర్యాల" అని నిజంగా వేసినవాళ్ల పేరే రాయండి.

ఒప్పందం ఒక పేజీ చాలు, తెలుగులోనే, కళాకారులకు చదివి వినిపించి. 1957 కాపీరైటు చట్టం సెక్షన్ 19, 30ఏ చూసుకోండి. హక్కు ఇవ్వడం రాతలో, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లో రాయకపోతే 5 ఏళ్లు, ఎక్కడో రాయకపోతే భారతదేశం అని చట్టమే అనుకుంటుంది. కాబట్టి ఇవి స్పష్టంగా రాయండి: ఏ బొమ్మ, ఎక్కడెక్కడ వాడతారు (లేబులు, బ్యానరు, ఫోన్‌లో పెట్టే పోస్టులు), ఎన్ని కాపీలు, ఎన్నేళ్లు. టీషర్టులు, సంచుల మీదికి పోతే మళ్లీ డబ్బు, మళ్లీ రాత. బొమ్మ వేసినందుకు కూలి వేరు, అచ్చుకు వాడుకునే హక్కుకు డబ్బు వేరు, రెండూ విడివిడిగా చూపండి. ఒకే మొత్తం రాస్తే అందరూ హక్కు కూడా అమ్ముడుపోయిందనుకుంటారు. అసలు బొమ్మ కళాకారుల దగ్గరే ఉంటుందని రాయండి, తర్వాత వాళ్లు దాన్ని అమ్ముకోవచ్చు. సగం అడ్వాన్సు, రెండుసార్ల వరకు మార్పులు, అవీ పెన్సిలు దశలోనే. రంగు పడ్డాక మార్పు అంటే కొత్త బొమ్మే.

సెక్షన్ 57 కూడా గుర్తుంచుకోండి. హక్కు అమ్మేసినా, పేరు చెప్పించుకునే హక్కు, బొమ్మను చెడగొడితే అడ్డుకునే హక్కు కళాకారులకే ఉంటాయి. బొమ్మలో తల కోసి, సగం ఒళ్లు బార్‌కోడ్ కింద పెట్టడం దాని కిందికి రావచ్చు.

ఇదే రకం ఒప్పందం కోయ సంఘంతో కూడా కావాలి. ఇంతకూ లేబులు మీద పేరు, ఊరు, గుర్తు వాళ్లవి. పని ఇచ్చిన సంస్థ రేపు తప్పుకున్నా గుర్తు సంఘం దగ్గరే ఉండేట్టు రాయించండి.

చౌరస్తా_ప్రెస్:

ప్రింటు సంగతి నేను చెప్త. బొమ్మ మంచిగ వచ్చినా ఇక్కడికొచ్చినంక పాడైతది, అందుకే ముందే చూసుకోవాలె.

మొదాలు సైజు. మూడడుగుల పటం తీసుకొచ్చి 10 సెంటీమీటర్ల లేబులుకు దించితే తొమ్మిది రెట్లు తగ్గుతది. పటం మీద 1 మిల్లీమీటరున్న నల్లగీత 0.11 అయితది. ఆఫ్‌సెట్‌ల కూడ వెంట్రుక లెక్క తెగుతది, స్క్రీన్ ప్రింటుల అసలే నిలవదు. స్క్రీన్‌కు 0.3 కంటే సన్నగీత పెట్టకుండ్రి. అందుకని లేబులు 18 బై 6 సెంటీమీటర్లయితే బొమ్మ 36 బై 12లో వేయించుండ్రి, రెండింతలు. గీత 1 మిల్లీమీటరు కుంచెతో వేస్తే అచ్చుల అర మిల్లీమీటరు నిలబడ్తది. అంత బొమ్మ ఏ3 స్కానరుల ఒక్కసారికే పడ్తది, ముక్కలు అతికే పని లేదు. 600 డీపీఐల స్కాన్ చేసుకోండ్రి. గుడ్డ మీద వేసిందైతే స్కానరు మూత వత్తితే పూత పగుల్తది, మూత తీసి పైన నల్లగుడ్డ కప్పుండ్రి.

ఎరుపు సంగతి. చేర్యాల ఎరుపు మొదట్ల ఇంగిలీకం (రాయి నూరి తీసే ఎరుపు), ఇప్పుడు చాలామంది రెడీమేడ్ రంగులే వాడుతున్నరు. రెండూ తెర మీద మెరుస్తయి, నాలుగు రంగుల ఇంకుల అంత మెరుపు రాదు. మెజెంటా 95, యెల్లో 90, సయాన్ 5 లోపల పెట్టి మొదలువెట్టుండ్రి, నలుపు సున్న. ఆర్‌జీబీ (తెర రంగుల లెక్క) నుంచి ఊకె కన్వర్ట్ చేస్తే సయాన్, నలుపు కొంత కొంత చొరబడ్తయి, ఇటుకరంగు వచ్చేది గందుకే. స్పాట్ ఎరుపు (ముందే కలిపి పెట్టిన ఒక్క ఇంకు) ఐదో ఇంకుగ వేస్తే అన్నిటికంటే మంచిది, ఖర్చు మాత్రం పెరుగుతది. బ్రౌన్ క్రాఫ్ట్ పౌచు మీద ఎరుపు వేయకుండ్రి. కాగితం రంగు కిందినుంచి వచ్చి మొత్తం మట్టి లెక్క కనిపిస్తది. కింద తెల్ల ఇంకు వేయించగలిగితేనే వేయాలె. లేకుంటే క్రాఫ్ట్ మీద ఒక్క నలుపుతోని ఇప్పగుత్తి వేసుడే నయం.

నల్లగీతకు ఉత్త కే 100 (నల్ల ఇంకు ఒక్కటే, నూటికి నూరు) పెట్టి ఓవర్‌ప్రింట్ (కింది రంగు తీయకుండ దాని మీదనే అచ్చు) చెయ్యాలె. నాలుగు రంగుల నలుపు పెడితే రిజిస్ట్రేషన్ (రంగుల పొందిక) వెంట్రుకంత జరిగినా గీత పక్కన ఎర్ర నీడ, నీలి నీడ వస్తది. బ్లీడ్ (కట్టింగు అంచు దాటించి వదిలే రంగు) 3 మిల్లీమీటర్లు. పూలబోర్డరు కట్టింగు అంచుకు 4 మిల్లీమీటర్ల లోపలికి ఉంచుండ్రి, లేకుంటే ఒక దిక్కు సన్నగ, ఇంకో దిక్కు లావుగ కోస్తది.

ఇమేజ్ ట్రేస్ వత్తి వెక్టర్ చేద్దామనుకుంటే వద్దు. నకాషి గీత కుంచె వత్తిడిని బట్టి లావు సన్నమైతది. డిఫాల్ట్ ట్రేసు దాన్ని తీగ లెక్క నున్నగ చేస్తది, కండ్లు, వేళ్ల కొసలు మొద్దుబారుతయి. టిఫ్ ఫైలుగనే పంపుండ్రి. బ్యానరు 10 బై 8 అడుగులైతే అసలు సైజుకు 72 పీపీఐ చాలు, అంటే 8640 బై 6912 పిక్సెల్. ఫ్లెక్సును పది అడుగుల దూరం నుంచి చూస్తరు, గంతకంటే పెద్ద ఫైలు తెచ్చినా లాభం లేదు.

పూర జాబ్ వేసేముందు అదే పౌచు మీద, అదే ఇంకుతోని ఒక ప్రూఫ్ తీయించి కళాకారులకు, సంఘానికి చూపెట్టుండ్రి. తెర మీద చూసి ఓకే అనుడు లెక్కల్లకు రాదు.

ఒత్తు_దీర్ఘం:

అక్షరాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి కొంచెం చెప్తాను.

ఆదిలాబాద్ రిఫరెన్సులు చూసి గుంజాల గోండి లిపిలో ఏదైనా రాద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి అది. 2018లో యూనికోడ్ 11లో చేరింది, నోటో సాన్స్ గుంజాల గోండి ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. కానీ అది గోండి మాటకు. తాడ్వాయి సంఘం మాట్లాడేది కోయ. చదవలేని లిపిని అందం కోసం అంచున పేర్చవద్దు. కోయ మాటలో పేరు పెట్టుకుంటే తెలుగు లిపిలోనే రాయండి, వాళ్లు పలికేది విని, రాసినది వాళ్లతోనే చదివించి. రేపు ఉట్నూరు వైపు పని వస్తే మాత్రం ఆ లిపి వాడండి, చదవగలిగినవాళ్లు ప్రూఫ్ చూడాలి. టైపు చేసేటప్పుడు ఇంక్‌స్కేప్‌లో ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయో లేదో చూసుకుని, పాత్‌గా మార్చి పీడీఎఫ్ తీయండి.

తెలుగు పేరుకు, చేర్యాల గడుల పక్కన పెట్టాలంటే గట్టి అక్షరం కావాలి. రామభద్ర బరువుగా, చదునుగా ఉండి ఆ నల్లగీతకు జోడీ కుదురుతుంది. వివరాలకు అనెక్ తెలుగు తీసుకోండి, వెడల్పు, మందం రెండూ మారతాయి కాబట్టి ఇరుకు లేబులులో పనికొస్తుంది. రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్సువే, వ్యాపారానికి వాడుకోవచ్చు. వెదురు ముక్కలు, బాణాలు, పుల్లలతో అక్షరాలు కట్టినట్టుండే "ట్రైబల్ ఫాంట్లు" వద్దు. ఆదివాసుల్ని ఎప్పటికీ కార్టూను మనుషులుగానే చూపే అలవాటు అక్కడినుంచే వస్తుంది.

ఇలస్ట్రేటర్‌లో ఒత్తులు విడిపోతే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోండి. వరుసల మధ్య ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు, లేకుంటే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. 7 పాయింట్ల కంటే చిన్నగా వద్దు. ఎరుపు మీద తెల్లక్షరమైతే 8, బోల్డ్‌లో, ఎందుకంటే ఇంకు పాకి "క్ష్మ" లాంటి చోట్ల లోపలి ఖాళీ పూడిపోతుంది. కళాకారుల పేరు కూడా ఆ సైజులోనే, సంఘం పేరు ఉన్న వైపే రావాలి. బార్‌కోడ్ వెనక 4 పాయింట్లలో వేస్తే ఎవరి కంటా పడదు.

కాజీపేట_లేఅవుట్:

ఒక్క అనుమానం. కొన్న వార్లీ వెక్టరు ఎట్లాగూ ఉంది కదా, బ్యానరులో మూలకు వాడదామంటున్నారు. ఏం చెప్పమంటారు?

ఉట్నూరు_గీతలు:

వద్దని చెప్పండి. ఆ వెక్టరు గీసింది వార్లీలు కాకపోవచ్చు, డబ్బు కూడా వాళ్లకు పోయి ఉండదు. సంస్థవాళ్లకు వ్యాపారం మాటలో చెప్పాలంటే, అదే బోర్డరు నాలుగు రాష్ట్రాల తేనె సీసాల మీద కనిపిస్తుంటే తాడ్వాయి తేనెను ఎవరు గుర్తుపడతారు? ఆ మూలలో సంఘం ఊరి పేరు, తేనె తీసిన నెల వేయండి.